క్యాంపెయిన్‌కు విరామం ఇవ్వడం ఎలా?

చదరంగం, క్యారమ్స్ వంటి ఆటలు ఏ పూటకు ఆ పూట ముగిసిపోతాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైన రోల్‌ప్లేయింగ్ ఆటలు అలా కాదు. వాటిలో ఒక్కొక్కరు ఒక పాత్ర (క్యారెక్టర్) వహించి కలిసి కథ అల్లుతారు. క్యాంపెయిన్ అనే ఆ ఒకే కథ విడివిడి సెషన్లుగా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. ఆట తనంతట తాను ముగియదు కనుక ఎప్పుడు ఆపాలో ఆడేవాళ్లే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం తీసుకోని బృందాల్లో జరిగేది దాదాపు ఒకటే: ఒక వారం ఒకరు రారు, మరుసటి వారం ఇద్దరు రారు, కథను నడిపించే గేమ్ మాస్టర్ ఏదో కారణం చెప్పి వాయిదా వేస్తారు, వాట్సాప్ గ్రూపులో పలికేవారు ఉండరు, అందరూ ఇష్టపడి అల్లుకున్న కథ ముగింపు లేకుండానే ఆగిపోతుంది. విరామాన్ని అలసట ముదరకముందే, అందరికీ చెప్పి, ఒక పద్ధతి ప్రకారం తీసుకుంటే ఈ స్థితి తప్పుతుంది.

ఇలా ముదిరిన అలసటకు, అంటే బర్న్‌అవుట్‌కు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు లక్షణాలు చెబుతుంది: శక్తి హరించుకుపోవడం, చేసే పనిపై మనసు విరగడం, ఆ పనిని సరిగా చేయలేకపోతున్నామనిపించడం. ఆ నిర్వచనం ఉద్యోగాలకు సంబంధించినదే అయినా, ఆట బల్ల దగ్గర కూడా ఆ మూడు ఆనవాళ్లూ కనిపిస్తాయి. సెషన్ రోజు ఉదయం ఎవరైనా రాలేమని చెబితే బాగుండునని గేమ్ మాస్టర్ మనసులో కోరుకోవడం వాటిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే గుర్తు. ఆటగాళ్ల విషయానికొస్తే, తమ వంతు వచ్చేదాకా ఫోన్‌లో తలదూర్చడం, కిందటి సెషన్‌లో ఎవరిని కలిశారో గుర్తులేకపోవడం, తమ క్యారెక్టర్ చచ్చినా బతికినా ఒకటేననిపించడం చూడవలసిన సూచనలు. నిద్ర, ఉద్యోగం, ఇంటి వ్యవహారాలు అన్నిటిలోనూ ఇదే నీరసం ఉంటే ఆటను ఆపడం ఒక్కటే సరిపోదు, వైద్యులను కలవాలి.

ఆపే ముందు, విసుగు దేనిమీద వచ్చిందో విడదీసి చూసుకోవాలి. చాలా బృందాల్లో కథ సిద్ధం చేయడం, మ్యాపులు గీయడం, నియమాలు గుర్తుంచుకోవడం, తగవులు తీర్చడం, అందరికీ కుదిరే సమయం వెతకడం అన్నీ గేమ్ మాస్టర్ ఒక్కరి నెత్తినే పడతాయి. వీటిలో సమయం కుదర్చడమే అందరూ అనుకునే దానికన్నా ఎక్కువగా అలిసిపోయేలా చేస్తుంది. హైదరాబాద్‌లో కొందరు, న్యూజెర్సీలో కొందరు ఉండి ఆన్‌లైన్‌లో ఆడే బృందాన్ని తీసుకోండి. ఇక్కడ శనివారం రాత్రి 7:30 అయినప్పుడు వేసవిలో అక్కడ ఉదయం 10 గంటలు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక అదే సమయం 9 గంటలవుతుంది, మార్చిలో మళ్లీ మారుతుంది. ఈ లెక్కలతోనే విసిగిపోయిన గేమ్ మాస్టర్‌కు కావలసింది విరామం కాదు. ఆ ఒక్క పనిని ఒక ఆటగాడు తీసుకుంటే చాలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో క్యారెక్టర్లు పై లెవెళ్లకు (స్థాయిలకు) చేరాక శక్తులు, మంత్రాలు పెరిగి ఒక్క పోరాటమే సెషన్ మొత్తాన్ని మింగేస్తుంది. అలసట అక్కడ ఉంటే ఆటను మార్చి చూడవచ్చు. జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో తెచ్చిన ఫియాస్కోకు గేమ్ మాస్టర్ గానీ ముందస్తు తయారీ గానీ అక్కరలేదు, ఒక్క పూటలో ముగుస్తుంది. ఇక విసుగు బల్ల దగ్గరున్న ఒక మనిషి మీద అయితే ఎన్ని నెలలు ఆపినా తీరదు. ఆ మనిషితో విడిగా, సూటిగా మాట్లాడక తప్పదు.

విరామమే కావాలని తేలాక, ఆ మాటను వీలైతే సెషన్ చివర అందరూ కూర్చుని ఉండగానే చెప్పాలి. మాటలు ఎక్కువ అక్కరలేదు: “ఈ కథ నాకు ఇప్పటికీ ఇష్టమే. సిద్ధం కావడానికి మాత్రం ఓపిక తగ్గింది. దసరా నుంచి ఆరు వారాలు ఆపుదాం. ఆ తర్వాతి శనివారం కలిసి, కొనసాగించాలా వద్దా అని మాట్లాడుకుందాం.” ఇందులో ఖాయం చేసినది ఆటను మళ్లీ మొదలుపెట్టే తేదీని కాదు, మాట్లాడుకునే తేదీని. మొదలుపెట్టే తేదీ పెట్టుకుంటే విరామమంతా ఆ గడువు గేమ్ మాస్టర్‌ను వెంటాడుతుంది. ఏ తేదీ లేకపోతే ఆట మెల్లగా మరుగునపడుతుంది. వారం వారం ఆడే బృందానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు సరిపోతాయని నా అభిప్రాయం. సంక్రాంతి ప్రయాణాలు, పిల్లల పరీక్షల వంటి కారణాలతో ఎలాగూ సెషన్లు తప్పే రోజులకు దీన్ని ఆనించి పెట్టుకోవడం మంచిది.

కథను ఆపే చోటు కూడా ముఖ్యం. ఉత్కంఠ మధ్యలో ఆపితే ఆసక్తి నిలుస్తుందని కొందరు వాదిస్తారు. అది ఒక వారానికి నిజమే కానీ, రెండు నెలల తర్వాత ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందో, ఎవరి వంతు నడుస్తోందో ఎవరికీ గుర్తుండదు. పోరాటం ముగించి, దొరికిన సంపద పంచుకుని, లెవెళ్లు పెంచుకుని, క్యారెక్టర్లు ఏదో ఒక ఊరిలో సత్రం చేరాక ఆపండి. ఆ రాత్రే గేమ్ మాస్టర్ అర పేజీ రాసి పెట్టుకోవాలి: బృందం ఎక్కడుంది, ఎవరికి ఏ మాట ఇచ్చింది, శత్రువు ఇప్పుడేం చేస్తున్నాడు, ఇంకా తెరవని తలుపులేవి. ప్రతి ఆటగాడూ తన క్యారెక్టర్ తర్వాత ఏం చేయాలనుకుంటోందో రెండు వాక్యాలు రాసి ఇస్తే తిరిగి వచ్చిన రోజున శ్రమ సగం తగ్గుతుంది.

విరామంలో గేమ్ మాస్టర్ నోట్సు తెరవకూడదు. ఖాళీ దొరికింది కదా అని రాబోయే పది సెషన్లకు ఇప్పుడే సిద్ధం కావాలనిపించడం సహజం, కానీ అప్పుడు ఆగింది సెషన్లు మాత్రమే, పని ఆగలేదు. మంచి ఆలోచన తడితే ఒక్క వాక్యం రాసుకుని వదిలేయండి. మరొకరు ఒక్క పూటలో ముగిసే వన్-షాట్ ఆట నడుపుతానంటే ఏ బాధ్యతా లేని ఆటగాడిగా కూర్చోవచ్చు. చాలామంది గేమ్ మాస్టర్లకు అంతకన్నా మంచి విశ్రాంతి లేదు. ఆట వల్లనే కలిసే స్నేహితులు ఆట ఆగితే కలవడం మానేస్తారు కనుక, ఒకసారైనా డైస్ లేకుండా భోజనానికి కలవండి.

బృందం కొనసాగుతుండగా ఒక్క ఆటగాడే విరామం కోరితే, అతని క్యారెక్టర్‌ను ఊళ్లో ఏదో పనిమీద ఉంచేయాలి. అతని అనుమతి లేకుండా దాన్ని ఇతరులు నడపకూడదు, చంపకూడదు. తిరిగి వచ్చేసరికి మిగతావారితో సమానమైన లెవెల్ ఇవ్వాలి. వెనకబడిపోతామన్న భయం ఉన్నవాళ్లు అలిసిపోయినా విరామం అడగరు.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు మొదటి సెషన్ రెండు గంటలు మించకుండా చూసుకోండి. అలసటకు కారణమైన పద్ధతినే మళ్లీ పట్టుకుంటే కొద్ది నెలల్లో అక్కడికే చేరతారు కాబట్టి ఏదో ఒకటి మారాలి: వారానికి బదులు రెండు వారాలకోసారి ఆడవచ్చు, గేమ్ మాస్టర్లు వంతులు వేసుకోవచ్చు, లేదా బెన్ రాబిన్స్ నడిపిన వెస్ట్ మార్చెస్ అనే క్యాంపెయిన్ తరహాలో నిర్ణీత రోజే లేకుండా, ఆటగాళ్లే వీలైనవారిని కూడగట్టుకుని ఎప్పుడు, ఎక్కడికి వెళ్తారో గేమ్ మాస్టర్‌కు ముందే చెప్పవచ్చు.

మాట్లాడుకున్నప్పుడు కొనసాగించాలని ఎవరికీ లేదని తేలితే, ముగింపు కోసం ఒక్క పూట కేటాయించండి. ఏడాది తర్వాత తన క్యారెక్టర్ ఎక్కడుందో ప్రతి ఆటగాడూ చెప్పాలి. దాచి ఉంచిన రహస్యాలన్నీ గేమ్ మాస్టర్ బయటపెట్టాలి. ఆ ప్రపంచంలో ఎప్పుడైనా మరో క్యాంపెయిన్ నడపాలనుకునేవారు ఉంటే మ్యాపులు, నోట్సు వారికి అప్పగించాలి.