రీఫ్ ట్యాంకులో పురుగు కనిపిస్తే ఉంచాలా, తీసేయాలా?

హైదరాబాదుకు సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడ రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలను పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, పోసే ప్రతి బకెట్టు నీరూ ఆర్వో నీటిలో ఉప్పు కలిపి మనం తయారుచేసుకున్నదే కాబట్టి, తొందరపడి మందు వేసి ఉన్న జీవులన్నీ చచ్చి నీరు కుళ్లితే, దానిని మార్చడం ఒక్క పూటలో అయ్యే పని కాదు. అందుచేత ముందు పురుగును గమనించాలి. దీపాలు ఆర్పిన రెండు గంటల తరువాత టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టి చూస్తే, ఆ వెలుతురుకు అవి పెద్దగా బెదరవు.

రాత్రిపూట రాళ్ల సందుల్లో గులాబీ రంగు ముళ్ల పురుగులు తిరుగుతున్నాయి

ఇవి సాధారణంగా బ్రిసిల్ వార్మ్‌లు. మిగిలిన మేతను, చచ్చిన జీవులను తిని ట్యాంకును శుభ్రం చేస్తాయి. వాటి సంఖ్య అకస్మాత్తుగా పెరిగిందంటే మేత ఎక్కువవుతోందని అర్థం; మేత తగ్గిస్తే కొన్ని వారాల్లో అవీ తగ్గుతాయి. చేతితో మాత్రం ముట్టుకోకూడదు. ముళ్లు గుచ్చుకుంటే, ఆ చోట సెల్లో టేపు గట్టిగా అంటించి లాగితే చాలావరకు ఊడివస్తాయి.

ఒక మే నెలలో మా చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) చెడిపోయి నీరు 31 డిగ్రీలకు చేరినప్పుడు, ఒక పగడం మీద నాలుగు పురుగులు మూగి కనిపించాయి. హంతకులు అవేననుకొని పట్టకారుతో ఏరివేశాను. మర్నాటికి పక్క పగడం కూడా తెల్లబడింది. పగడాలను చంపింది వేడి. పురుగులు వచ్చింది చచ్చిన కండను తినడానికి. పగడం చావడానికి ముందే పురుగు దాని మీద ఉందా, తరువాత వచ్చిందా అన్నది తేల్చుకోకుండా దానిని దోషిగా ఎంచవద్దని నా గట్టి మనవి.

నిజంగా పగడాలను తినే ఫైర్ వార్మ్‌కు తలపై ముడతలు పడిన కండతురాయి, ఒంటి పక్కల ఎర్రటి మొప్పలు, దట్టమైన తెల్లటి ముళ్ల కుచ్చులు ఉంటాయి. అది అట్లాంటిక్, మధ్యధరా సముద్రాల జీవి. అక్కడి రాయి తెచ్చుకుంటే తప్ప మన ట్యాంకుల్లో కనిపించే అవకాశం తక్కువ.

గాజు మీద తెల్లటి చుట్టలు, రాతి మీద గొట్టాలు

ఆవగింజంత తెల్లటి చుట్టలు స్పైరార్బిడ్‌లు. వాటివల్ల హాని లేదు. విసనకర్రలా విచ్చుకునే ఫెదర్ డస్టర్‌నూ, సన్నని సేమియా పోగుల్లాంటి తంతువులను ఇసుక మీద పరచే స్పఘెటీ వార్మ్‌నూ అలాగే ఉండనివ్వండి. గట్టి గొట్టంలోంచి జిగట దారాలు వదిలి, పగడాల పాలిప్‌లు (పగడాన్ని ఏర్పరచే చిన్న చిన్న జీవులు) ముడుచుకునేలా చేసే వెర్మెటిడ్ మాత్రం అసలు పురుగే కాదు, నత్త. గొట్టం నోటికి సైనోయాక్రిలేట్ (సూపర్ గ్లూ) జెల్ జిగురు పెట్టి మూసివేయాలి.

ఇసుక మీద తుప్పు రంగు పొరలా పరుచుకుంటోంది

దగ్గరగా చూస్తే ఆ పొర కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న చదునైన జీవుల గుంపు. ఒక్కొక్కదాని తోక చివర మూడు కొనలుగా చీలి ఉంటుంది. ఇవి ఎర్ర ఫ్లాట్ వార్మ్‌లు. పగడాలను తినవు గాని, వాటిని కప్పివేసి వెలుతురును అడ్డుకుంటాయి. అసలు ప్రమాదం వాటి చావులో ఉంది. గుంపు ఒకేసారి చస్తే వాటి ఒంట్లోని విషం నీటిలో కలిసి చేపలు చనిపోవచ్చు. కాబట్టి సన్నని ఎయిర్ ట్యూబుతో వారం, పది రోజులపాటు రోజూ సైఫన్ చేసి (ట్యూబుతో నీటితోపాటు బయటికి లాగి) వీలైనన్ని తీసివేయాలి. మార్చడానికి సరిపడా ఉప్పునీరు, విషాన్ని పీల్చుకునే తాజా యాక్టివేటెడ్ కార్బన్ సిద్ధం చేసుకొన్న తరువాతే, మిగిలిన వాటికి ఫ్లాట్ వార్మ్ మందు వేయాలి.

అక్రోపోరా రంగు వెలిసి, గుండ్రటి కాటు మచ్చలు పడుతున్నాయి

దీనికి కారణం అక్రోపోరా అనే కొమ్మల పగడాన్ని తినే మరో ఫ్లాట్ వార్మ్. పగడం రంగులోనే ఉండడం వల్ల కంటికి ఆనదు. కొమ్మలపై రబ్బరు బల్బుతో నీరు చిమ్మితే రాలిపడుతుంది. పగడాన్ని బయటికి తీసి డిప్ మందులో (పురుగులను వదిలించే ద్రావణంలో) ముంచాలి, అయితే గుడ్లు ఆ మందుకు చావవు. అడుగున కండ లేనిచోట బంగారు గోధుమ రంగులో కనిపించే గుడ్లను గీకివేసి, వారానికొకసారి చొప్పున కొన్ని వారాలు డిప్ చేస్తూనే ఉండాలి.

రాత్రికి రాత్రి పగడపు ముక్కలు మాయమవుతున్నాయి

ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తూ, తలపై ఐదు మీసాలున్న పొడవాటి పురుగు కనిపిస్తే అది యూనిసిడ్ జాతిది. అన్నీ ప్రమాదకరం కావు గాని, పెద్దదైతే తీసివేయడమే మంచిది. పట్టుకొని లాగకూడదు, తెగితే తల ఉన్న ముక్క రాతిలోనే ఉండి మళ్లీ పెరుగుతుంది. అది దాగిన రాయిని మొత్తంగా బయటికి తీసి, ట్యాంకు నీటికన్నా ఉప్పు ఎక్కువ కలిపిన బకెట్టులో కొద్దిసేపు ఉంచితే, పురుగు తనంతట తానే బయటికి వస్తుంది.