పెరటి గుంటలో నీళ్ళు పచ్చబడితే మందు వెయ్యకండి

పర్లాకిమిడి, గుణుపురం వైపు పెరట్లో చిన్న గుంట తవ్వి కలువలు, చేపలు వేసుకున్న వాళ్ళందరిదీ ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి ఒకటే టెన్షన్: నీళ్ళు గోరింటాకు రుబ్బి కలిపినట్టు అయిపోయాయి, ఏం మందు వెయ్యాలి?

ఏమీ వెయ్యొద్దు. నీళ్ళని పచ్చబరిచేది పాచే, దానికి కావలసింది ఎండ, ఎరువు. ఎరువు మనం వేస్తున్నదే: మిగిలిపోయిన మేత, చేపల పెంట, రాలిన మామిడాకులు. మందు వేస్తే పాచంతా ఒక్కసారే చచ్చి కుళ్ళుతుంది, ఆ కుళ్ళు నీళ్ళలోని ఆక్సిజన్‌ని లాగేసి చేపల ప్రాణం మీదికి తెస్తుంది, పైగా ఆ కుళ్ళే మళ్ళీ ఎరువై కొత్త పాచి పుడుతుంది.

ముందు మేత తగ్గించండి. మూడు నాలుగు నిమిషాల్లో తినేసేంతే వెయ్యాలి. మిగిలిన అన్నం గుంటలో పారబోసే అలవాటుంటే ఇవాళే మానండి.

తర్వాత నీడ. నీటి పైభాగం సగానికి పైగా ఆకులతో కప్పి ఉండాలి. కలువ, తామర కుండీల్లో నాటి దింపండి, వదిలేస్తే తామర గుంటంతా ఆక్రమిస్తుంది. నీటి మీద తేలే అంతరతామర ఎరువు బాగా పీలుస్తుంది, పెరిగినకొద్దీ తీసి కంపోస్టులో వెయ్యండి. గుర్రపుడెక్కా అదే పని చేస్తుంది గానీ, వానలకి కొట్టుకుపోయి మహేంద్రతనయ ఏట్లో పడితే ఇక దాన్ని ఆపలేం, నేనైతే తేను.

దారాల్లా సాగే పాచిని కర్రకి చుట్టి లాగెయ్యండి. గోడలకి పట్టిన సన్నటి పాకుడు ఉండనివ్వండి, చేపలు మేస్తాయి.

గుంట సంగతి తెలియాలంటే తెల్లవారుజామున చూడాలి. మొక్కలు, పాచి పగలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రంతా అవే వాడుకుంటాయి, అందుకే పొద్దు పొడిచే ముందు అది బాగా తగ్గిపోతుంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలేస్తుంటే, ఆలోచించకుండా గుంటలో నీళ్ళనే బకెట్‌తో ముంచి, ఎత్తు నుంచి మళ్ళీ అందులోకే పొయ్యండి, ఆ రోజు మేత బంద్. నీళ్ళలోకి గాలి పంపే చిన్న ఎరేటర్ ఉంటే రాత్రుళ్ళు తప్పకుండా నడపండి, మబ్బు పట్టిన రోజుల్లో మరీను.

చేపలంటారా, చిన్న గుంటకి గప్పీలు చాలు, దోమ పిల్లల్ని తినేస్తాయి. బొచ్చె, రోహు కిలోల్లో పెరిగేవి, తొట్టికి సరిపడవు. గడ్డిచేప (గ్రాస్ కార్ప్) పాచి తినేస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి, అది ముందు మీ మొక్కలకే ఎసరు పెడుతుంది.

వారానికోసారి పదో వంతు నీళ్ళు మార్చండి, బ్లీచింగ్ కలిపిన కుళాయి నీళ్ళయితే డ్రమ్ములో ఒక రోజు ఎండకి ఉంచాకే పొయ్యాలి. తొలకరికి ముందే గట్టు జానెడు ఎత్తు లేపండి, లేదంటే పశువులశాల నీళ్ళన్నీ గుంటలోకే దిగుతాయి.