గ్రూప్ షూట్‌కి వెళ్తే ముందు రిఫ్లెక్టర్ పట్టుకోండి

కడియపులంకలో ఒక నర్సరీలో లెక్కలు చూస్తుంటాను. సెలవు దొరికితే కెమెరాతో తిరగడమే. మా వైపు కుర్రాళ్లు అప్పుడప్పుడు కలిసి పోర్ట్రెయిట్ షూట్ పెట్టుకుంటారు. ఒక మోడల్, ఒక మేకప్ ఆర్టిస్టు, ఖర్చు తలా కాస్త. కొత్తగా వచ్చేవాళ్లకి ముందు వరసలో చోటు దొరకదేమోనని టెన్షన్. నిజంగానే దొరకదు. అందరూ ఒకేసారి పిలుస్తుంటే ఆ అమ్మాయి ఎవరి కెమెరా వైపని చూస్తుంది? మీ వంతు వచ్చేదాకా కెమెరా మెడలో వేసుకుని రిఫ్లెక్టర్, అంటే వెలుగుని ముఖం మీదికి మళ్లించే తెల్లటి లేదా వెండిరంగు పలక, పట్టుకోండి.

మనిషి ముఖాన్ని అంత దగ్గర్నుంచి, ఫొటో తీయాలన్న తొందర లేకుండా చూసే అవకాశం ఇంకెప్పుడూ రాదు. రిఫ్లెక్టర్‌ని మోకాళ్ల దగ్గర పెడితే గడ్డం కింద, ముక్కు కింద వెలుగు పడి ముఖం వింతగా కనిపిస్తుంది. ఛాతీ ఎత్తుకి లేపి, కొంచెం పక్కకి జరిపితే కళ్ల కింద నీడ పోయి, నల్లగుడ్డులో చిన్న తెల్లటి మెరుపు వస్తుంది. ఆ మెరుపు ఎక్కడ నిలబడి చూస్తే కనిపిస్తోందో గుర్తుపెట్టుకోండి. ఎండలో వెండిరంగు వైపు తిప్పకండి, మోడల్ కళ్లు తెరవలేకపోతుంది. కొనక్కర్లేదు, థర్మోకోల్ షీటు చాలు. గోదారి గట్టు మీద మాత్రం గాలికి ఎగిరిపోతుంది, గట్టిగా పట్టుకోవాలి.

మా దగ్గర అసలు గొడవ పచ్చరంగుది. నర్సరీలో గ్రీన్ నెట్ కింద నిలబెడితే ముఖం కూడా పచ్చబడుతుంది. ఒక చెంప మీద నెట్ రంగు, ఇంకో చెంప మీద ఆకాశం వెలుగు పడితే వైట్ బ్యాలెన్స్ (ఫొటోలో రంగుల్ని సరిచేసే సెట్టింగ్) ఎంత మార్చినా రెండూ కలవవు. నెట్ అంచుకి తీసుకొచ్చి, ముఖం బయటి వైపు తిప్పించండి. రా ఫైల్లో (కెమెరా కుదించని అసలు ఫైల్) తీయండి, రంగులు తర్వాత సరిచేసుకోవచ్చు. కోనసీమ కొబ్బరితోటలో మధ్యాహ్నం తీస్తే ముఖం నిండా ఎండ మచ్చలే. అంతకంటే పాత పెంకుటింటి అరుగు నయం. పైనుంచి ఎండ పడదు, వీధి వైపు నుంచి మెత్తటి వెలుతురొస్తుంది. ఇంటివాళ్లని అడిగి కూర్చోబెట్టండి.

లెన్స్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. 50 ఎం.ఎం. చాలు. అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే సైజు) 2.8 దగ్గర, షట్టర్ (వెలుగు లోపలికొచ్చే సమయం) సెకనులో 1/200 వంతు, ఫోకస్ దగ్గరి కంటి మీద. ఫ్లాష్ వాడేవాళ్లుంటే ట్రిగ్గర్ (కెమెరా నుంచి ఫ్లాష్‌ని వెలిగించే పరికరం) ఛానెళ్లు ఎవరికి వాళ్లు వేరేవి ముందే పెట్టుకోండి. లేకపోతే మీరు నొక్కితే పక్కవాడి ఫ్లాష్ వెలుగుతుంది, వాడు మిమ్మల్ని తిడతాడు.

మీ వంతు వచ్చాక మాట్లాడుతూ తీయండి. "అమ్మా, గడ్డం కొంచెం కిందికి" అనొచ్చు, చేత్తో పట్టుకుని తిప్పకూడదు. పమిట సర్దాలన్నా, జుట్టు సర్దాలన్నా నోటితో చెప్పాలి, లేదా మేకప్ ఆవిడకి చెప్పాలి. కుడి ఎడమలు మోడల్ వైపు నుంచి చెప్పండి. తోడుగా వాళ్లమ్మగారొస్తే ముందు ఆవిడకి కుర్చీ, మంచినీళ్లు. మధ్యలో ఒకటి రెండు ఫొటోలు స్క్రీన్ మీద చూపిస్తే అమ్మాయి బిగుసుకుపోకుండా ఉంటుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ముందు అడగండి, వద్దన్నది పెట్టకండి. బాగొచ్చినవి వారంలోపు తనకి పంపండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.