పది మీటర్ల ఎయిర్ పిస్టల్ స్వయంశిక్షణ – నాలుగవ పాఠం: మెకానికల్ ట్రిగ్గరా, ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా?

గత మూడు పాఠాలలో నిలబడే తీరును, పిడిని పట్టుకునే పద్ధతిని, గురి చూసే ముందు సైటు వెనుక సైటుల అమరికను అభ్యసించాము. ఇంతవరకు క్లబ్బు పిస్టల్‌తోనే సాధన చేసిన విద్యార్థికి ఈ దశలో సొంత పిస్టల్ కొనుక్కోవాలన్న ఆలోచన రావడం సహజం. కొనబోయినప్పుడు మొదట ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న పిస్టల్ రెండు పేర్లతో, రెండు ధరలతో కనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన మోరిని కంపెనీ సీఎం 162 ఎంఐ అనే పేరుతో మెకానికల్ ట్రిగ్గరు ఉన్నదానిని, సీఎం 162 ఈఐ అనే పేరుతో ఎలక్ట్రానిక్ ట్రిగ్గరు ఉన్నదానిని తయారు చేస్తుంది. ఆస్ట్రియాకు చెందిన స్టైర్ కంపెనీలో ఈవో 10, ఈవో 10ఈ అనేవి ఇలాంటి జంటయే. ఒక్క అక్షరం తేడాకు అదనంగా డబ్బు పెట్టవలసిన అవసరం ఎవరికి ఉన్నది, ఎవరికి లేదు అన్నదే ఈ పాఠంలోని విషయం.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గరు తేలికగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గరు బరువు, అంటే దానిని లాగడానికి కావలసిన బలం, ఏ రకమైనా 500 గ్రాములకు తగ్గకూడదు. పోటీలో తనిఖీ చేసేటప్పుడు గొట్టాన్ని నిలువుగా పైకి పట్టి, 500 గ్రాముల తూకపు బరువును ట్రిగ్గరు మధ్యభాగానికి తగిలించి పైకెత్తుతారు. బరువు గాలిలోకి లేచేవరకు ట్రిగ్గరు విడివడకూడదు. పోటీ ముగిసిన తరువాత జరిపే తనిఖీలో ఇది తప్పితే క్రీడాకారుడు అనర్హుడవుతాడు. కాబట్టి సరిగ్గా 500 దగ్గర బిగించి ధైర్యం ప్రదర్శించడం కంటే 510, 520 గ్రాముల మధ్య ఉంచుకోవడం వివేకం.

ఈ అర కిలో బరువు వేలి మీద ఎలా పడుతుంది అన్నదానిలోనే అసలు తేడా ఉన్నది. ముందు సైటుకు, వెనుక సైటుకు మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు ఉన్న పిస్టల్‌లో, ట్రిగ్గరు లాగే క్షణాన ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు తప్పితే, పది మీటర్ల దూరంలోని లక్ష్యం మీద పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ చిన్న గుండు) దాదాపు 30 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే కనుక, మధ్యకు గురిపెట్టిన ఆ గుండు ఏడు పాయింట్లకు పడిపోతుంది. చేయి ఊగడం వల్ల ఇంత నష్టం అరుదుగా జరుగుతుంది. వేలు ఒక్కసారిగా బిగుసుకుని మణికట్టును మెలితిప్పడం వల్లనే ఎక్కువగా జరుగుతుంది.

దీనిని తగ్గించడానికే పోటీ పిస్టళ్లలో రెండు దశల ట్రిగ్గరు ఉంటుంది. మొదటి దశలో వేలు కొంత దూరం వెనుకకు వచ్చి, మొత్తం బరువులో అధికభాగాన్ని మోసి, ఒక చోట గోడకు ఆనినట్లు ఆగుతుంది. అక్కడి నుండి మిగిలిన కొద్దిపాటి ఒత్తిడిని చేర్చితే గుండు వెళుతుంది. ఉదాహరణకు మొదటి దశకు 400, రెండవ దశకు 110 గ్రాములుగా అమర్చుకున్న విద్యార్థి, పిస్టల్‌ను లక్ష్యం మీదకు దించుతూనే నాలుగు వందల గ్రాములను వేలి మీదకు తీసుకోవచ్చు. రెండవ దశకు మరీ తక్కువ వదిలితే, సైట్లు కుదరకముందే గుండు పేలిపోతుందన్న భయం వేలిలో మొదలై, అది నెలల తరబడి వదలదు. కొత్తవారు రెండవ దశకు 100 గ్రాములకు తగ్గకుండా ఉంచుకోవాలని నా అభిప్రాయం.

ఇక రెండు రకాల పనితీరు. మెకానికల్ ట్రిగ్గరులో వేలు లాగే మీట, స్ప్రింగు ఒత్తిడిని ఆపి ఉంచిన కొక్కేన్ని జరపాలి. ఆ రెండు లోహపు అంచులు ఎంత నునుపుగా ఉన్నాయి, వాటి మధ్య దుమ్ము చేరిందా, నూనె చిక్కబడిందా అన్నవి వేలికి తెలుస్తూనే ఉంటాయి. మంచి కంపెనీలు మధ్యలో అదనపు మీటలను అమర్చి ఈ రాపిడిని బాగా తగ్గించాయి కనుక, ఖరీదైన మెకానికల్ ట్రిగ్గరులో గరుకుతనం దాదాపుగా కనిపించదు. ఎలక్ట్రానిక్ రకంలో వేలు తన సొంత చిన్న స్ప్రింగు మీద మీటను జరిపి ఒక సంకేతాన్ని మాత్రమే ఇస్తుంది. విడుదల చేసే పని బ్యాటరీతో నడిచే విద్యుత్ తీగచుట్ట చూసుకుంటుంది. అందువల్ల పోటీలో చివరిదైన అరవయ్యవ గుండుకు కూడా ట్రిగ్గరు మొదటి గుండుకు ఉన్నట్లే ఉంటుంది. దీని గొప్పతనం ఈ నిలకడే.

ఈ నిలకడను గుర్తించగల వేలు ఉన్నవారికే దానివల్ల ప్రయోజనం. ఒక వరుస పది గుండ్లలో తన తప్పు ఏ గుండుకు ఎలా జరిగిందో చెప్పలేని విద్యార్థికి రెండు రకాలూ ఒకటే. అతనికి మెకానికల్ ట్రిగ్గరునే నేను సూచిస్తాను. బ్యాటరీ, సర్క్యూటు అనే రెండు చింతలు దానిలో ఉండవు, చిన్న మరమ్మతు ఊళ్లోనే జరిగే అవకాశం ఎక్కువ. 2021లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించి, బాగు చేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు గడిచిపోయాయి. ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచి ఫైనల్‌కు దూరమయ్యారు. 2024లో పారిస్‌లో అదే విభాగంలో కాంస్యం గెలిచారు. ఏ యంత్రమైనా మొరాయించవచ్చు కనుక, దగ్గరలో విడిభాగాలు, బాగుచేసేవారు ఉన్న మోడల్‌కు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ట్రిగ్గరు కంటే పిడి ముఖ్యమని చెప్పడానికి నేను వెనుకాడను. పిడి పెద్దదైతే చూపుడువేలు మొదటి కణుపు ట్రిగ్గరుకు చేరక, వేలు దానిని పక్కకు నెడుతుంది; అప్పుడు ఎంత మంచి ట్రిగ్గరైనా వ్యర్థమే. పిళ్లు చిన్న, మధ్య, పెద్ద సైజులలో, కుడి ఎడమ చేతులకు వేరువేరుగా దొరుకుతాయి. చెక్కను అరగదీసి, పుట్టీ నింపి చేతికి సరిచేసుకోవచ్చు కానీ, అరచేతి మడమ ఆనే బల్లకు పిడితో ఉండే కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు, మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు. ట్రిగ్గరు బ్లేడును, అంటే వేలు ఆనే భాగాన్ని, ముందుకు వెనుకకు జరిపే వీలు, పక్కకు తిప్పే వీలు ఉన్నదో లేదో దుకాణంలోనే చూడాలి.

వాడిన పిస్టల్ కొనేవారు ముందుగా గాలి నింపే సిలిండరు మీద అచ్చువేసిన తయారీ తేదీని చదవాలి. సాధారణంగా సిలిండరు గడువు పది సంవత్సరాలు. గడువు మీరినదానికి బాధ్యత క్రీడాకారుడిదే. నింపిన సిలిండరును బిగించి రాత్రంతా ఉంచి, ఉదయం పీడనం తగ్గిందా అని చూస్తే గాలి కారుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల వ్యాసానికి, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అవసరం లేదు. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో జట్టుతో స్వర్ణం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ మాత్రం .22 తూటాలతో ఆడేది. దానికి లైసెన్సు తప్పనిసరి, ట్రిగ్గరు బరువు 1000 గ్రాములు. ఆ విభాగానికి పోదలచినవారు ఇప్పుడే ఖరీదైన ఎలక్ట్రానిక్ ఎయిర్ పిస్టల్‌కు డబ్బంతా వెచ్చించడం తొందరపాటే అవుతుంది.

అభ్యాసం: వచ్చే పాఠం వరకు క్లబ్బులో దొరికే మెకానికల్ పిస్టల్‌తోనూ, కోచ్ అనుమతి ఉంటే ఎలక్ట్రానిక్ పిస్టల్‌తోనూ, పెల్లెట్ లేకుండా, ఖాళీ తెల్లగోడకు ఎదురుగా నిలబడి డ్రై ఫైర్ చేయండి. పిస్టల్ ఖాళీగా ఉన్నదని ప్రతిసారీ స్వయంగా చూసుకోండి. మొదటి దశ చివర వేలు ఆగిన చోట మూడు లెక్కించేంతసేపు నిలిపి, తరువాతనే రెండవ దశను దాటించండి. క్లిక్‌మన్న క్షణాన ముందు సైటు ఏ వైపు కదిలిందో నోటు పుస్తకంలో బాణం గుర్తుతో రాసుకోండి. రెండు పిస్టళ్లకు రెండు పేజీలు కేటాయించండి. బాణాలు రెండు పేజీలలోనూ ఒకే వైపు ఉంటే లోపం పిడిలోనో, వేలు పెట్టే చోటులోనో ఉన్నదని అర్థం. ఐదవ పాఠంలో ఆ పేజీలను దగ్గర పెట్టుకుని ట్రిగ్గరు బ్లేడును సరిచేసుకునే పద్ధతిని చూద్దాము.