లాంగ్ జూమ్ కెమెరా కొనేముందు చేతిలోకి తీసుకుని ఏమేం చూడాలి

డబ్బా మీద పెద్దక్షరాల్లో 60ఎక్స్, 83ఎక్స్, 125ఎక్స్ అని కొట్టొచ్చినట్టు రాసుంటుంది కదా, ముందు ఆ నంబర్ని పక్కన పెట్టేయండి. అబద్ధమేం కాదు గానీ మీకు కావాల్సిన సంగతి అది చెప్పదు. లెన్స్ ఎక్కడిదాకా వెళ్తుందో ఆ అంకెని ఎక్కడ మొదలవుతుందో ఆ అంకెతో భాగిస్తే వచ్చేదే ఎక్స్. 24 నుంచి 1200ఎంఎం (మిల్లీమీటర్లు, ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి) దాకా వెళ్లే లెన్స్ 50ఎక్స్, 20 నుంచి అదే 1200 దాకా వెళ్లేది 60ఎక్స్, మరి రెండిట్లోనూ చెట్టు మీద పిట్ట కనిపించేది ఒకే సైజులో, ఆ పెరిగిన 10ఎక్స్ మొత్తం వైడ్ వైపు, అంటే జూమ్ చేయకముందు ఎక్కువ వెడల్పు కనిపించే వైపు పోయింది. అందుకే ఎవరైనా ఇన్ని ఎక్సులు అని చెప్తుంటే చివర ఎన్ని ఎంఎం అని అడగండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ఇంకో తికమక ఏంటంటే లెన్స్ అంచు మీద వేరే అంకెలుంటాయి. నికాన్ పీ900 మీద 4.3-357 అని ఉంటుంది, అమ్మేటప్పుడు మాత్రం 24-2000ఎంఎం అంటారు. రెండూ కరెక్టే, మొదటిది లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ (ఈ ఎంఎం కొలత పేరే అది), రెండోది పాత 35ఎంఎం ఫిల్ము లెక్కలోకి మార్చింది. ఒక కెమెరాని ఇంకోదాంతో పోల్చాలంటే ఈ మార్చిన లెక్కే చూడాలి.

సరే, ఎన్ని ఎంఎం అయితే ఎంత దగ్గరకొస్తుంది? చందమామతో చెప్తే ఈజీగా అర్థమవుతుంది. 1200ఎంఎంలో నిండు చంద్రుడు ఫొటో ఎత్తులో సగానికి కాస్త తక్కువ ఉంటాడు, 2000లో ముప్పావు వంతు నిండుతాడు, నికాన్ పీ1000లో ఉన్న 3000ఎంఎం దాకా లాగితే పైనా కిందా కాస్త కత్తిరించుకుపోతాడు. చిన్న పిట్టలకైతే 1200 పైన ఉంటే హాయి, చెరువులో కొంగలూ బాతుల్లాంటి పెద్ద పక్షులకి 600తో పని జరిగిపోతుంది, హాల్లో వెనక కూర్చుని స్టేజ్ మీద పిల్లల డ్యాన్స్ తీయడానికి 400 చాలు. ఇప్పుడు మంచి ఫోన్లలో 5ఎక్స్ లెన్స్ అంటే దాదాపు 120ఎంఎం, దాని మీద కాస్త క్రాప్ చేసుకున్నా బాగానే వస్తోంది కాబట్టి 200, 250 దగ్గర ఆగిపోయే కెమెరా కోసం డబ్బులు పెట్టడం నా దృష్టిలో దండగ.

ఇక అసలు సంగతి సెన్సర్, అంటే వెలుతురుని పట్టుకుని ఫొటోగా మార్చే చిప్పు. 1000ఎంఎం దాటే జూమ్ కెమెరాలు దాదాపు అన్నిట్లో ఉండేది 1/2.3 అంగుళాల సెన్సర్, అంటే సుమారు 6.2 ఇంటూ 4.6 మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరు కంటే చిన్నది. సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4, పానాసోనిక్ ఎఫ్‌జెడ్1000 లాంటి వాటిల్లో ఉండేదాన్ని 1 అంగుళం సెన్సర్ అంటారు, పేరుకే అంగుళం, కొలిస్తే 13.2 ఇంటూ 8.8 మిల్లీమీటర్లే, ఐమూలగా కొలిచినా 16 రాదు. అయినా వైశాల్యంలో చిన్నదానికి నాలుగు రెట్లు. ఆ నాలుగు రెట్లే సాయంత్రం ఆరు దాటాక ఫొటోలో కనిపిస్తాయి.

మరి పెద్ద సెన్సరే పెట్టి 3000ఎంఎం ఇవ్వొచ్చుగా అంటే, సెన్సర్ పెరిగితే లెన్స్ కూడా దాంతోపాటే పెరగాలి, చిన్న సెన్సర్ పెట్టుకునే పీ1000 బరువు కిలోన్నరకి దగ్గరగా 1415 గ్రాములుంది, పెద్దదైతే ఇక మెడలో వేసుకుని తిరగలేం. ఆర్ఎక్స్10 మార్క్ 4 కూడా కిలో దాటుతుంది, పైగా 600ఎంఎం దగ్గరే ఆగుతుంది. అంటే మీరు ఎంచుకోవాల్సింది దూరమా వెలుతురా అని, మామూలుగా మనం మోయగలిగే బరువులో రెండూ ఒకేచోట దొరకవు.

దీనికి తోడు అపర్చర్, అంటే లెన్స్ లోంచి వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె పెరిగితే రంధ్రం చిన్నదైనట్టు. లెన్స్ మీద ఎఫ్/2.8-6.5 అని రెండంకెలు ఉంటాయి చూడండి, 2.8 అనేది జూమ్ చేయకముందు, పూర్తిగా లాగాక 6.5 అయిపోతుంది, లోపలికొచ్చే వెలుతురు ఐదో వంతుకి పడిపోతుంది. ఎఫ్/8 దాకా పోయే లెన్స్ అయితే ఎనిమిదో వంతు. అంటే మీరు జూమ్ కోసమే కొన్న కెమెరా, ఆ జూమ్ వాడేటప్పుడే చీకట్లో పనిచేస్తోందన్నమాట. కెమెరా ఏం చేస్తుంది, ఐఎస్ఓ పెంచుతుంది, అంటే తక్కువ వెలుతురునే ఎక్కువ చేసి చూపిస్తుంది, ఐఎస్ఓ పెరిగితే చిన్న సెన్సర్లో ఇసక చల్లినట్టు గ్రెయిన్ వస్తుంది, ఆ గ్రెయిన్ తుడవడానికి సాఫ్ట్‌వేర్ పిట్ట ఈకల్ని కూడా తుడిచేసి నూనె రంగులతో బొమ్మ గీసినట్టు చేస్తుంది. ఎండలో తీసిన శాంపిల్ ఫొటోల్లో ఇదెక్కడా కనిపించదు. అందుకే ఇంటర్నెట్లో శాంపిల్స్ చూసేటప్పుడు ఫుల్ జూమ్‌లో, మబ్బు పట్టిన రోజు లేదా ఇంటి లోపల, ఐఎస్ఓ 800 పైన తీసినవి వెతికి మరీ చూడండి.

షాపులో ఏం చేయాలి

మీ సొంత మెమరీ కార్డు పట్టుకెళ్లండి. ఇదొక్కటి చేస్తే చాలు, ఎందుకంటే కెమెరా వెనకున్న మూడంగుళాల స్క్రీన్ మీద ప్రతి ఫొటో అద్భుతంగానే కనిపిస్తుంది, నిజం తెలిసేది ఇంట్లో పెద్ద స్క్రీన్ మీద 100 శాతానికి పెట్టి చూసినప్పుడే. డిస్‌ప్లే పీస్‌లో కార్డు పెట్టుకోనిస్తారా అని అడిగితే చాలామంది కాదనరు.

ముందు మెనూలోకి వెళ్లి డిజిటల్ జూమ్ ఆపేయండి. దానికి ఒక్కో కంపెనీ ఒక్కో అందమైన పేరు పెట్టుకుంది గానీ చేసేది ఒకటే, మధ్యలో ముక్క కత్తిరించి పెద్దది చేయడం, 2ఎక్స్ డిజిటల్ అంటే పిక్సెల్స్ నాలుగో వంతే మిగులుతాయి. అది ఆన్‌లో ఉండగా టెస్ట్ చేస్తే మీరు చూసేది లెన్స్ సత్తా కాదు.

ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఎదురుగా దూరంగా అక్షరాలున్నదేదైనా చూసుకోండి, బోర్డు గానీ బండి నంబర్ ప్లేటు గానీ. ఫుల్ జూమ్ లాగి, చేత్తోనే పట్టుకుని, వరసగా ఓ అరడజను ఫొటోలు కొట్టండి. ఒక్కటి కొట్టి బాగుందనుకోవడం కుదరదు, షేక్ అనేది లాటరీ లాంటిది. పాత లెక్క ప్రకారం ఎన్ని ఎంఎం ఉంటే సెకనులో అన్నో వంతు షట్టర్ స్పీడు (ఫొటోకి వెలుతురు పడే సమయం) ఉండాలి, 1200ఎంఎం అయితే 1/1200. చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకి ఆ సమయం రెట్టింపు) కాపాడుతుందంటే 1/75 దగ్గర కూడా నిలవాలి. షట్టర్ స్పీడు 1/80కి పెట్టి ఆ అరడజన్లో ఎన్నిట్లో అక్షరాల అంచులు తెగినట్టు షార్ప్‌గా ఉన్నాయో చూడండి, నాలుగు బాగుంటే మంచి కెమెరానే, ఒకటో రెండో అయితే మీ చేతికి అది కుదరలేదు, ఇంకోటి చూడండి. ఒక్క మాట, స్టెబిలైజేషన్ ఆపేది మీ చేతి వణుకుని మాత్రమే, ఎగిరే పిట్టనీ గెంతే పిల్లాడినీ అది ఆపలేదు, వాటికి 1/500 పైన స్పీడు కావాల్సిందే, ఆ స్పీడుకి వెలుతురు కావాలి, మళ్లీ తిరిగి సెన్సర్ దగ్గరకే వస్తాం.

టెస్ట్ మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలో చేయకండి. వేడెక్కిన రోడ్డు మీంచి లేచే గాలి వల్ల దూరంగా ఉన్న అక్షరాలు నీళ్లలో ఉన్నట్టు వంకరపోతాయి, ఎంత ఖరీదైన లెన్స్ అయినా అంతే, కెమెరాది తప్పనుకుని వదిలేసే ప్రమాదముంది. పొద్దున్నే గానీ సాయంత్రం ఎండ తగ్గాక గానీ వెళ్తే బెటర్, సాయంత్రమైతే తక్కువ వెలుతురు పరీక్ష కూడా అక్కడికక్కడే అయిపోతుంది.

ఫోకస్ చూడటానికి నేనైతే ఆకుల మధ్యలోంచి వెనకున్న వస్తువుని పట్టుకోమంటాను. పిట్టలు ఎప్పుడూ కొమ్మల వెనకే కూర్చుంటాయి, మీకోసం బయటికొచ్చి కూర్చోవు. ఫోకస్ చదరాన్ని అన్నిటికంటే చిన్నది చేసి నొక్కి చూడండి, ముందున్న ఆకుని పట్టుకుని మొండికేస్తుందా, లేక రెండోసారికైనా వెనక్కి వెళ్తుందా. ఫోకస్ దొరక్క లెన్స్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ రెండు మూడు సెకన్లు తీసుకుంటే ఆపాటికి పిట్ట ఎగిరిపోతుంది.

స్పెసిఫికేషన్లలో ఎవరూ పట్టించుకోని బటన్ ఒకటుంది, నాకైతే అది మెగాపిక్సెల్స్ కంటే ముఖ్యం. 2000ఎంఎంలో మీకు అడ్డంగా కనిపించేది ఒక్క డిగ్రీ మాత్రమే, చెయ్యి కొంచెం కదిలితే పిట్ట ఫ్రేములోంచి మాయం, తర్వాత చూస్తే మొత్తం ఆకులే, ఎటు వెతకాలో తెలీదు. ఈ బటన్ నొక్కి పట్టుకుంటే జూమ్ కాసేపు వెనక్కి వస్తుంది, పిట్టని మళ్లీ మధ్యలోకి తెచ్చుకుని వదిలేస్తే తిరిగి పాత జూముకే వెళ్తుంది. నికాన్ దీన్ని స్నాప్ బ్యాక్ జూమ్ అంటుంది, కెనాన్ ఎస్ఎక్స్70లో ఫ్రేమింగ్ అసిస్ట్ అని ఉంటుంది. ఎడమ చేత్తో లెన్స్ కింద పట్టుకున్నప్పుడు వేలికి అందేలా ఉందా లేదా అన్నది కూడా నొక్కి చూసుకోండి.

వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ) లేని లాంగ్ జూమ్ కొనొద్దు, అంతే. ఎండలో స్క్రీన్ కనపడదు, అది ఒకటి, కెమెరాని కళ్లకి ఆనించుకుని మోచేతులు ఒంటికి దగ్గరగా పెడితే షేక్ సగం తగ్గుతుంది, అది రెండు. కళ్లజోడు ఉన్నవాళ్లు వ్యూఫైండర్ పక్కనుండే చిన్న చక్రం తిప్పి, జోడు పెట్టుకుని మొత్తం ఫ్రేము మూలలదాకా కనిపిస్తోందా చూడండి.

మెగాపిక్సెల్స్ 16 ఉన్నా 20 ఉన్నా తేడా మీకు తెలీదు, వదిలేయండి. రా ఫైల్స్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఒరిజినల్ ఫొటోలు) ఎడిట్ చేసుకునే అలవాటుంటే మాత్రం చూసుకోవాలి, పీ900లో రా లేదు, దాని తర్వాత 2020లో వచ్చిన పీ950లో ఉంది. వీడియో ముఖ్యమైతే రికార్డింగ్ పెట్టి జూమ్ చేసి తర్వాత వినండి, మోటార్ గీమంటున్న శబ్దం వీడియోలోకి వస్తే విసుగ్గా ఉంటుంది, 4కే పెట్టగానే కొన్నిట్లో ఫ్రేము ఇరుకైపోతుంది, అది కూడా గమనించండి. బ్యాటరీ ఇంకోటి ఎక్స్‌ట్రా ఎలాగూ కొనాల్సిందే, జూమ్ మోటార్ వ్యూఫైండర్ రెండూ కలిసి బాగానే తాగేస్తాయి.

ఇంతకీ ఎవరికి ఏది? పగటిపూట పక్షులు, విమానాలు, చందమామ ఇవే మీ సరదా అయితే చిన్న సెన్సర్ పెద్ద జూమ్ తీసుకోండి, మొహమాటం అక్కర్లేదు, ఆ డబ్బులకి ఆ దూరం ఇంకే కెమెరా ఇవ్వదు. పిల్లల ప్రోగ్రాములు, సాయంత్రాలు, ప్రయాణాల్లో అన్నీ కలిపి తీసేవాళ్లయితే 400 లేదా 600ఎంఎం దగ్గర ఆగినా సరే 1 అంగుళం సెన్సర్‌ది తీసుకోండి. రెండూ కావాలి అనేవాళ్లు గత ఆర్నెల్లలో తమ ఫోన్లో తీసిన ఫొటోలు ఓసారి చూసుకుంటే చాలు, దూరంగా చుక్కలా కనిపించే పిట్టలు ఎక్కువున్నాయా, చీకట్లో అలికినట్టున్న మొహాలు ఎక్కువున్నాయా అని.

ఈ రకం కెమెరాల్లో కొత్త మోడల్స్ బాగా తగ్గిపోయాయి, 2024లో పానాసోనిక్ ఎఫ్‌జెడ్82డీ, 2025లో నికాన్ పీ1100 వచ్చాయి గానీ అవి కూడా పాతవాటికి చిన్న మార్పులే. కాబట్టి చాలామంది సెకండ్ హ్యాండ్ వైపే చూస్తారు, అక్కడ ఇంకో రెండు పరీక్షలు చేయాలి. ఈ లెన్స్ ఊడి రాదు, లోపల దుమ్ము చేరితే మనం తుడుచుకోలేం, అందుకని ఫుల్ జూమ్ పెట్టి అపర్చర్‌ని ఎంత చిన్నది కుదిరితే అంత చిన్నది చేసి ఖాళీ ఆకాశాన్ని గానీ తెల్లగోడని గానీ ఫొటో తీయండి, బూడిదరంగు మచ్చలు కనిపిస్తే వద్దు. తర్వాత గోడకి న్యూస్ పేపరు అంటించి సరిగ్గా ఎదురుగా నిలబడి తీసి నాలుగు మూలలూ పోల్చండి, మూడు మూలల్లో అక్షరాలు బాగుండి ఒక మూల మాత్రం మసగ్గా ఉంటే కెమెరా ఎప్పుడో కింద పడి లెన్స్ లోపల పక్కకి ఒరిగి ఉండొచ్చు, ధర ఎంత తగ్గిస్తానన్నా తీసుకోకండి. జూమ్ లోపలికీ బయటికీ ఓ పదిసార్లు తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని వినండి, శబ్దం ఒకేలా సాగాలి, మధ్యలో టకటకమన్నా ఎక్కడైనా ఆగి మళ్లీ కదిలినా ఆ మోటార్ ఎక్కువ రోజులు రాదు.