వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు సన్నగా వస్తుంటే

మా మెషీన్‌లో టబ్ నిండడానికే అరగంట పట్టేది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోయేది. మెకానిక్‌ని పిలిచే ముందు ఇది చూడండి.

ప్లగ్ తీసి, కుళాయి కట్టేసి, కింద బకెట్ పెట్టుకుని మెషీన్ వెనక, కుళాయి నుంచి నీళ్లు వచ్చే పైపు ఊడదీయండి. పైపు బిగించే చోట, లోపల గోరంత ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది. కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా లాగితే వచ్చేస్తుంది. మాది బోరు నీళ్లు కదా, ఇసుకా తెల్లటి ఉప్పు గారా పట్టేసి అసలు రంధ్రాలే కనబడలేదు! సగం నీళ్లు, సగం వెనిగర్ కలిపి 20 నిమిషాలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోయింది. తిరిగి బిగించేటప్పుడు పైపులోని రబ్బరు వాషర్ మర్చిపోకండి, లేదంటే కారుతుంది.

కుళాయి ధార బాగుండి, జల్లెడ శుభ్రంగా ఉన్నా నీళ్లు సన్నగానే వస్తుంటే మాత్రం మెషీన్‌లోకి నీళ్లు వదిలే వాల్వ్ పాడై ఉండొచ్చు, అప్పుడు మెకానిక్‌ని పిలవాల్సిందే. జల్లెడ లేకుండా మాత్రం నడపకండి, ఇసుక నేరుగా వాల్వ్‌లోకి పోతుంది.