చచ్చిన కోడిని తీశాక గ్లౌజులు ఎలా విప్పాలి?

బర్డ్ ఫ్లూ ఉందేమోనన్న అనుమానంతో చచ్చిన కోడిని జాగ్రత్తగా తీసి సంచిలో వేయడం ఎవరికైనా వచ్చు. ఆ తర్వాత గ్లౌజులు విప్పడమే చాలామందికి రాదు. అరగంట సేపు ఎంతో జాగ్రత్తగా పనిచేసినవాళ్లు చివరి అర నిమిషంలో మాస్కు కిందికి లాగేసి, పళ్లతో గ్లౌజు అంచు పట్టుకుని విప్పడం కళ్లారా చూశాను. చెప్పీ చెప్పీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

ఒకేసారి చాలా పక్షులు చచ్చిపోతే అసలు ముట్టుకోకండి, పశువైద్య అధికారులకు చెప్పండి. ఒక్కటే అయినా ముందు వాళ్లను అడిగి, తీసేయమన్నాకే తీయండి.

కావాల్సినవి: ఎన్‌95 మాస్కు, కళ్లను పూర్తిగా మూసే గాగుల్స్, రబ్బరు బూట్లు, రెండు గట్టి ప్లాస్టిక్ సంచులు, సబ్బు, నీళ్లు. గ్లౌజులు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువే ఉండాలి, అదీ మణికట్టు దాటి వచ్చేవి. పొట్టివి దండగ.

గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. పక్షిని సంచిలో వేసి మూతి బిగించండి, దాన్ని రెండో సంచిలో పెట్టండి. ఈకలు పీకడం, కోసి చూడటం వద్దు. ఎక్కడ పూడ్చాలో అధికారులు చెప్తారు.

ఇక అసలు పని. చేతులు ఒంటికి దూరంగా, నడుము ఎత్తులో ఉంచండి. ముందు ఎడమ గ్లౌజు విప్పుదాం. కుడి చేతి రెండు వేళ్లతో ఎడమ గ్లౌజును మణికట్టు దగ్గర బయటి నుంచి గిల్లి పట్టుకోండి. వేళ్లకు రబ్బరే చిక్కాలి, చర్మం తగలకూడదు. మెల్లగా వేళ్ల వైపు లాగితే లోపలి భాగం బయటికి తిరుగుతూ ఊడి వస్తుంది. దాన్ని కుడి గుప్పిట్లో ముద్దగా పట్టుకోండి.

పదిమందిలో తొమ్మిదిమంది తప్పు చేసేది ఇక్కడే. ఎడమ చేతికి ఇప్పుడు గ్లౌజు లేదు. ఆ చేత్తో కుడి గ్లౌజును బయటి నుంచి పట్టుకున్నారంటే ఇంతసేపు పడ్డ శ్రమంతా వృథా. ఎడమ చేతి రెండు వేళ్లను కుడి మణికట్టు దగ్గర గ్లౌజు లోపలికి, చర్మానికి ఆనించి దూర్చండి. లోపలి నుంచే ఎత్తి, తిరగేస్తూ లాగండి. గుప్పిట్లో ఉన్న ఎడమ గ్లౌజు కుడి గ్లౌజు కడుపులోకి చేరి, రెండూ కలిసి చిన్న మూటలా వస్తాయి. మురికంతా మూట లోపలే ఉంటుంది.

ఠప్‌మని మాత్రం లాగొద్దు. సాగిన రబ్బరు వదలగానే దాని మీది తడి తుంపరలుగా ఎగురుతుంది. ఆ మూటను సంచిలో వేసి చేతులు కడుక్కోండి. తర్వాత గాగుల్స్, అన్నిటికంటే చివర మాస్కు, అదీ వెనక తాళ్లు పట్టుకునే తీయాలి. మళ్లీ చేతులు కడుక్కోండి.

గ్లౌజుల మీద శానిటైజర్ రాసుకుని మళ్లీ వాడేవాళ్లున్నారు. రెట్ట అంటిన చోట అది సరిగా పనిచేయదు. సబ్బు వేరు. బర్డ్ ఫ్లూ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చీల్చేస్తుంది. నమ్మకం లేకపోతే కొత్త గ్లౌజులకు రంగు నీళ్లు పూసుకుని విప్పి చూడండి. ఎడమ బొటనవేలి గోరు పక్కన చిన్న మరక కనిపిస్తే, ఇంకా సాధన చేయాలన్నమాట.

కళ్లను పూర్తిగా మూసే గాగుల్సే కావాలనడానికి కారణం ఉంది. బర్డ్ ఫ్లూ వైరస్ పక్షి కణాల మీద అతుక్కునే రకం గ్రాహకాలు మన ముక్కు, గొంతుల్లో తక్కువ, కంటి పొరలోనూ ఊపిరితిత్తుల లోతుల్లోనూ మాత్రం ఉన్నాయి. 2024లో అమెరికాలో పాడి ఆవుల నుంచి హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ రకం సోకిన పనివాళ్లలో ఎక్కువమందికి కళ్లే ఎర్రబడ్డాయి. అప్పుడు జబ్బు తేలికగానే పోయింది. 1997లో హాంకాంగ్‌లో అలా కాలేదు. 18 మందికి సోకితే ఆరుగురు చనిపోయారు.

ఇప్పటికైతే ఇది మనిషి నుంచి మనిషికి ఆగకుండా పాకడం లేదు. కానీ ఈ వైరస్ నకలు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతూనే ఉంటాయి. పైగా దాని జన్యువులు ఎనిమిది ముక్కలుగా ఉంటాయి. ఒకే ఒంట్లో మామూలు ఫ్లూ వైరస్ కూడా ఉంటే రెండూ ముక్కలు మార్చుకోగలవు. పక్షి వైరస్ ముక్కలు మనుషుల ఫ్లూతో కలిసి పుట్టిన వైరస్‌లే 1957లో, 1968లో ప్రపంచమంతా పాకాయి. అందుకే ఈ పనిచేసేవాళ్లు ఏటా మామూలు ఫ్లూ టీకా వేయించుకోవాలి. అది బర్డ్ ఫ్లూను ఆపదు, రెండూ ఒకేసారి సోకే అవకాశాన్ని తగ్గిస్తుంది.

తర్వాత పది రోజులు ఒంటిని గమనించుకోండి. జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం, ఏది కనిపించినా ఇంట్లోవాళ్లకు దూరంగా ఉండి వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. చచ్చిన పక్షిని ముట్టుకున్నానని మొదటి మాటగా చెప్పండి. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ మందు, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ బాగా పనిచేస్తుంది.